మిత్రకూటములలో నిర్ణయాధికారం ఎవరిది?

నాటో, ఐరోపా సమాఖ్యలలో విదేశాంగ, భద్రతా నిర్ణయాలు జరిగే తీరు

రాజ్యాలు పరస్పరం సంధి చేసుకోవడం చరిత్రకు కొత్త కాదు. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు చెప్పిన షాడ్గుణ్యంలో సంధి మొదటిది. బలవంతుని ఆశ్రయించే సంశ్రయం మరొకటి. అయితే ఆ సంధులు రాజుకూ రాజుకూ మధ్య కుదిరేవి. రాజు మాటే రాజ్యం మాట. ఇరవయ్యవ శతాబ్దం నడుమ పుట్టిన మిత్రకూటముల సంగతి వేరు. పదుల సంఖ్యలో ఉన్న సభ్యదేశాలలో ప్రతిదానికీ తన పార్లమెంటు, తన ఎన్నికలు, తన ప్రజాభిప్రాయం ఉన్నాయి. అవన్నీ కలిసి ఒక యుద్ధానికో, ఒక ఆంక్షకో, ఒక సైనిక కార్యానికో ఒప్పుకోవడం ఎలా? ఒక్క దేశం కాదంటే ఏమవుతుంది? పెద్ద దేశం మాట ఎంతవరకు చెల్లుతుంది, చిన్న దేశం మాటకు విలువ ఎంత?

ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి రెండు సంస్థల అనుభవం ముఖ్యమైనది. ఒకటి, 1949లో ఏర్పడిన ఉత్తర అట్లాంటిక్ ఒడంబడిక సంస్థ, అనగా నాటో. రెండవది ఐరోపా సమాఖ్య. నాటోలో నేడు 32 సభ్యదేశాలు, ఐరోపా సమాఖ్యలో 27 సభ్యదేశాలు ఉన్నాయి. వీటిలో 23 దేశాలకు రెండింటిలోనూ సభ్యత్వం ఉంది. రెండు సంస్థల నిర్మాణం వేరైనా భద్రతా విషయాలలో మూలసూత్రం ఒక్కటే: అందరూ ఒప్పుకుంటే తప్ప నిర్ణయం లేదు. ఈ సూత్రం వినడానికి సులువుగా ఉన్నా, ఆచరణలో దానిని నడిపించడానికి ఎన్నో వెసులుబాట్లు కల్పించుకోవలసి వచ్చింది. ఆ వెసులుబాట్లే ఈ కూటములను నిలబెట్టాయని చెప్పవచ్చు.

ఓట్లు లేని సభ

నాటో ఒప్పందంపై 1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్ నగరంలో 12 దేశాలు సంతకాలు చేశాయి. ఆ ఒప్పందం స్వయంగా పేర్కొని నెలకొల్పిన సంస్థ ఒక్కటే. అది ఉత్తర అట్లాంటిక్ మండలి. తొమ్మిదవ అధికరణం దానికి ఆధారం. ప్రతి సభ్యదేశానికీ ఇందులో ఒక స్థానం. బ్రస్సెల్స్‌లో ఉండే రాయబారులు సాధారణంగా వారం వారం సమావేశమవుతారు. విదేశాంగ మంత్రులు, రక్షణ మంత్రులు నిర్ణీత వ్యవధులలో కలుస్తారు. అవసరమైనప్పుడు దేశాధినేతల శిఖరాగ్ర సభ జరుగుతుంది. ఎవరు కూర్చున్నా మండలి అదే, నిర్ణయానికి ఉండే విలువ కూడా అదే. ప్రధాన కార్యదర్శి అధ్యక్షత వహిస్తారు గాని, ఆయనకు నిర్ణయాధికారం లేదు.

ఈ మండలిలో ఓటింగు ఉండదు. చేతులెత్తే పద్ధతి లేదు, లెక్కింపు లేదు, ఆధిక్యత మాట లేదు. సైన్యమే లేని ఐస్‌లాండ్ ఇందులో వ్యవస్థాపక సభ్యదేశం. దాని జనాభా నాలుగు లక్షలు దాటదు. అమెరికాకు ఉన్నంత హక్కు, అభ్యంతరం చెప్పే విషయంలో, ఐస్‌లాండ్‌కూ ఉంది. ఆయుధబలంలో హస్తిమశకాంతరం ఉన్న దేశాలు ఒక బల్ల చుట్టూ సమానంగా కూర్చోవడానికి ఈ నియమమే కారణం. తమ ఇష్టానికి విరుద్ధంగా తమను యుద్ధంలోకి ఎవరూ ఈడ్చరన్న భరోసా లేకపోతే చిన్న దేశాలు ఇటువంటి కూటమిలో చేరడం కష్టమే.

ఇందుకు ఇంకొక ముఖం కూడా ఉంది. ఓటింగు లేదు కనుక ఓడిపోయినవారు, గెలిచినవారు అన్న లెక్క బయటకు రాదు. మండలి పేరిట వెలువడే ప్రతి మాటా సభ్యదేశాలన్నిటి మాట. శత్రుపక్షానికి చీలిక కనబడకుండా ఉండడం సైనిక కూటమికి అవసరం.

మౌనమే అంగీకారం

ప్రతి చిన్న విషయానికీ అందరూ కూర్చుని అవునని చెప్పాలంటే పని సాగదు. అందుకోసం ఏర్పడినదే మౌన ప్రక్రియ. ప్రధాన కార్యదర్శి ఒక ముసాయిదాను సభ్యదేశాలకు పంపి గడువు విధిస్తారు. ఫలానా రోజు ఫలానా గంటలోగా ఏ దేశమూ లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలుపకపోతే ముసాయిదా ఆమోదం పొందినట్లే. అభ్యంతరం చెప్పడాన్ని మౌనాన్ని భంగపరచడం అంటారు. మౌనం అర్ధాంగీకారమని మన సామెత. ఇక్కడ మాత్రం అది పూర్ణాంగీకారమే.

ఈ పద్ధతిలోని సౌలభ్యాన్ని గమనించాలి. ఒక నిర్ణయం పట్ల పెద్దగా ఇష్టం లేని ప్రభుత్వం, తన ప్రజల ముందు దానిని సమర్థించే భారం లేకుండా, ఊరక ఉండిపోవచ్చు. అడ్డుకోవాలనుకునే ప్రభుత్వం మాత్రం తన పేరు మీద, కారణం చూపి, లేచి నిలబడవలసి ఉంటుంది. అందుచేత నిజంగా గట్టి అభ్యంతరం ఉంటే తప్ప ఎవరూ మౌనం వీడరు. ఐరోపా సమాఖ్యలోనూ విదేశాంగ ప్రకటనల వంటి వాటికి ఇటువంటి పద్ధతి వాడుకలో ఉంది.

సూయజ్ నేర్పిన పాఠం

ఏకాభిప్రాయం సాధించడానికి ముందుగా సంప్రదింపులు అవసరమని నాటో అనుభవపూర్వకంగా తెలుసుకుంది. రాజకీయ సహకారాన్ని మెరుగుపరచడం ఎలాగో సూచించమని 1956లో మండలి ముగ్గురు విదేశాంగ మంత్రులకు పని అప్పగించింది. కెనడాకు చెందిన లెస్టర్ పియర్సన్, ఇటలీకి చెందిన గైటానో మార్టినో, నార్వేకు చెందిన హాల్వార్డ్ లాంగే ఆ ముగ్గురు. ముగ్గురు విజ్ఞుల సంఘంగా ఇది ప్రసిద్ధి చెందింది. వారి పని సాగుతుండగానే ఆ ఏడాది శరత్కాలంలో సూయజ్ సంక్షోభం ముదిరింది. ఈజిప్టుపై దాడి విషయాన్ని బ్రిటన్, ఫ్రాన్స్‌లు తమ ప్రధాన మిత్రదేశమైన అమెరికాకు చెప్పకుండా దాచాయి. అమెరికా తీవ్రంగా వ్యతిరేకించడంతో వెనుదిరగక తప్పలేదు.

డిసెంబరులో ముగ్గురు విజ్ఞులు సమర్పించిన నివేదిక సారాంశం ఇది: కూటమిని గణనీయంగా ప్రభావితం చేసే విషయంలో ఏ సభ్యదేశమూ, తగినంత ముందుగా మిత్రులను సంప్రదించకుండా, దృఢమైన విధానం ప్రకటించరాదు. నిర్ణయం అయిపోయాక కబురు చేయడం వేరు, నిర్ణయించే ముందు సలహా అడగడం వేరు అన్నదే దీనిలోని అంతరార్థం. ఒప్పందంలోని నాలుగవ అధికరణం కూడా దీనికి దగ్గరిదే. తన ప్రాదేశిక సమగ్రతకో, రాజకీయ స్వాతంత్ర్యానికో, భద్రతకో ముప్పు ఉందని ఏ సభ్యదేశం భావించినా మిగిలినవారంతా కలిసి సంప్రదించాలని అది చెబుతుంది. 2025 సెప్టెంబరులో తన గగనతలంలోకి రష్యా డ్రోన్లు వచ్చాక పోలండ్, అదే నెలలో యుద్ధవిమానాలు చొరబడ్డాయంటూ ఎస్తోనియా ఈ అధికరణాన్ని ఆశ్రయించాయి.

ఐదవ అధికరణం: బాధ్యత ఎంత, స్వేచ్ఛ ఎంత?

ఒకరిపై సాయుధ దాడి అందరిపై దాడిగా పరిగణించాలన్న ఐదవ అధికరణం లోకప్రసిద్ధం. అయితే దాని పాఠాన్ని నిదానంగా చదివితే ఒక విశేషం తెలుస్తుంది. దాడికి గురైన దేశానికి సాయపడాలి నిజమే. కాని ఏ రూపంలో సాయపడాలన్నది ప్రతి దేశమూ తాను అవసరమని భావించిన మేరకు నిర్ణయించుకుంటుంది. సైనికబలం వాడాలన్న నిర్బంధం అందులో లేదు. పదకొండవ అధికరణం ప్రకారం ఒప్పంద బాధ్యతలను ఆయా దేశాల రాజ్యాంగ పద్ధతులను అనుసరించి నెరవేర్చాలి. అనగా పార్లమెంటు అనుమతి కావలసిన చోట అది తీసుకోవలసిందే.

ఈ అధికరణాన్ని ఇంతవరకు ఒక్కసారే అమలులోకి తెచ్చారు. 2001 సెప్టెంబరు 11 దాడుల మరునాడు మండలి సమావేశమై, దాడి విదేశాల నుంచి జరిగినదని తేలితే ఐదవ అధికరణం వర్తిస్తుందని ప్రకటించింది. అక్టోబరు 2న దానిని ధ్రువీకరించింది. ఐరోపాను అమెరికా కాపాడడానికి రాసుకున్న వాక్యం చివరకు అమెరికాకు తోడ్పాటుగా ఉపయోగపడడం చరిత్రలోని ఒక విచిత్రం.

దారి మళ్ళించిన సందర్భం

అందరూ ఒప్పుకోకపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు 2003 ఫిబ్రవరి మంచి ఉదాహరణ. ఇరాక్‌పై యుద్ధానికి అమెరికా సిద్ధమవుతున్న వేళ, పొరుగున ఉన్న తుర్కియే రక్షణకు ముందస్తు ఏర్పాట్లు చేయాలన్న ప్రతిపాదన మౌన ప్రక్రియలోకి వచ్చింది. ఫిబ్రవరి 10న ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియం మౌనాన్ని భంగపరిచాయి. అప్పుడే ఏర్పాట్లకు ఒప్పుకుంటే యుద్ధం తప్పదని అంగీకరించినట్లవుతుందని వాటి వాదన. తుర్కియే నాలుగవ అధికరణం కింద సంప్రదింపులు కోరింది.

చిక్కుముడి విప్పడానికి పాత చరిత్ర పనికివచ్చింది. 1966లో అధ్యక్షుడు డిగాల్ నాయకత్వాన ఫ్రాన్స్ నాటో సమైక్య సైనిక వ్యవస్థ నుంచి వైదొలగింది. కూటమిలో మాత్రం సభ్యదేశంగా కొనసాగింది. మరుసటి ఏడాది కేంద్ర కార్యాలయం పారిస్ నుంచి బ్రస్సెల్స్‌కు తరలింది. ఫ్రాన్స్ లేకుండా సైనిక విషయాలు చర్చించేందుకు రక్షణ ప్రణాళికా సంఘం వేదికైంది. 2003లో ప్రధాన కార్యదర్శి జార్జ్ రాబర్ట్‌సన్ ప్రతిపాదనను ఈ సంఘం ముందుకు తెచ్చారు. సవరణల తరువాత జర్మనీ, బెల్జియం సమ్మతించాయి. ఫిబ్రవరి 16న నిర్ణయం వెలువడింది. గగనతల నిఘా విమానాలు, పేట్రియాట్ క్షిపణి వ్యవస్థలు తుర్కియేకు వెళ్ళాయి. ఫ్రాన్స్ 2009లో సమైక్య సైనిక వ్యవస్థకు తిరిగి వచ్చాక ఆ సంఘాన్ని 2010లో రద్దుచేశారు. ఆ పక్కదారి నేడు లేదు.

అడ్డుపడకుండా పక్కకు తప్పుకోవడానికి 2011 లిబియా వ్యవహారం మరో నిదర్శనం. భద్రతామండలి తీర్మానంపై ఓటింగులో జర్మనీ తటస్థంగా ఉండిపోయింది. కాని నాటో ఆ కార్యాన్ని చేపట్టడానికి అడ్డురాలేదు. తాను మాత్రం దాడులలో పాలుపంచుకోలేదు. సగానికి పైగా సభ్యదేశాలు అసలు పాల్గొననే లేదని ఆనాటి అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ బాహాటంగా ఆక్షేపించారు. నిర్ణయం అందరిదీ, భారం కొందరిదీ కావడం ఈ పద్ధతిలో పొంచి ఉన్న లోపం.

కొత్త సభ్యత్వం: ఒక్కరు కాదంటే

కొత్త దేశాన్ని చేర్చుకోవడానికి పదవ అధికరణం ఏకగ్రీవ సమ్మతి కోరుతుంది. పేరు వివాదం కారణంగా మాసిడోనియా ప్రవేశాన్ని 2008 బుకారెస్ట్ శిఖరాగ్ర సభలో గ్రీసు అడ్డుకుంది. 2018లో ప్రెస్పా ఒప్పందం కుదిరి, ఉత్తర మాసిడోనియాగా పేరు మారిన తరువాతనే 2020 మార్చిలో ఆ దేశానికి సభ్యత్వం దక్కింది. ఉక్రెయిన్‌పై రష్యా దండెత్తిన తరువాత ఫిన్లండ్, స్వీడన్‌లు 2022 మే 18న ఒకే రోజున దరఖాస్తు చేశాయి. తుర్కియే, హంగరీల ఆమోదం ఆలస్యమైనందున ఫిన్లండ్ 2023 ఏప్రిల్ 4న, స్వీడన్ 2024 మార్చి 7న చేరగలిగాయి. కలిసి దరఖాస్తు చేసిన పొరుగు దేశాల మధ్య పదకొండు నెలల తేడా ఏర్పడింది.

ఐరోపా సమాఖ్య: సగం సార్వభౌమత్వం

ఐరోపా సమాఖ్య కథ భిన్నమైనది. వాణిజ్యం, వ్యవసాయం, పోటీ చట్టాల వంటి రంగాలలో సభ్యదేశాలు తమ అధికారాన్ని ఉమ్మడి సంస్థలకు అప్పగించాయి. అక్కడ ఆధిక్యతా నిర్ణయాలు చెల్లుతాయి, ఓడిన దేశమూ కట్టుబడాలి. విదేశాంగ, రక్షణ విషయాలకు వచ్చేసరికి మాత్రం అవి వెనుకంజ వేశాయి. ఐరోపా ఉమ్మడి సైన్యాన్ని ఏర్పరచే ఒప్పందంపై 1952లో ఆరు దేశాలు సంతకాలు చేసినా, 1954 ఆగస్టు 30న ఫ్రెంచి పార్లమెంటే దానిని తిరస్కరించింది. 1970 నుంచి విదేశాంగ మంత్రుల మధ్య ఐచ్ఛిక సంప్రదింపులు మొదలయ్యాయి. 1993 నవంబరులో అమలులోకి వచ్చిన మాస్ట్రిక్ట్ ఒప్పందం ఉమ్మడి విదేశాంగ, భద్రతా విధానానికి అధికారిక రూపమిచ్చింది.

1999లో అమలైన ఆమ్‌స్టర్‌డామ్ ఒప్పందం ఉన్నత ప్రతినిధి పదవిని సృష్టించింది. నాటో ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన హావియర్ సొలానా ఆ బాధ్యతను చేపట్టారు. 2009 డిసెంబరు 1న అమలులోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం ఆ పదవిని బలపరచి, ఐరోపా కమిషన్ ఉపాధ్యక్ష స్థానంతో జోడించింది. తరువాత కేథరిన్ ఆష్టన్, ఫెదెరికా మొగెరీని, జోసెప్ బొరెల్ వరుసగా పనిచేశారు. 2024 డిసెంబరులో ఎస్తోనియా మాజీ ప్రధాని కాయా కాలస్ ఆ పదవి స్వీకరించారు.

ఒక నిర్ణయం కింది నుంచి పైకి సాగుతుంది. ముందుగా సభ్యదేశాల దౌత్యాధికారుల కార్యబృందాలు పాఠాన్ని పదం పదంగా సరిచూస్తాయి. 27 దేశాల రాయబారులతో కూడిన రాజకీయ, భద్రతా సంఘం పరిస్థితిని సమీక్షించి అభిప్రాయం చెబుతుంది. శాశ్వత ప్రతినిధుల సంఘం మిగిలిన చిక్కులు తీర్చడానికి యత్నిస్తుంది. ఉన్నత ప్రతినిధి అధ్యక్షతన విదేశాంగ మంత్రుల మండలి నిర్ణయం తీసుకుంటుంది. అక్కడా తెగనిది దేశాధినేతల సభ అయిన ఐరోపా మండలికి చేరుతుంది. ఐరోపా పార్లమెంటుకు ఇందులో అడిగే, చర్చించే హక్కు తప్ప ఆమోదించే అధికారం లేదు. ఐరోపా న్యాయస్థానానికి కూడా, వ్యక్తులపై విధించిన ఆంక్షల వంటి కొన్ని విషయాలు మినహా, ఈ రంగంలో అధికార పరిధి లేదు.

ఏకగ్రీవం, దాని మినహాయింపులు

ఐరోపా సమాఖ్య ఒప్పందంలోని 31వ అధికరణం ఇందుకు కీలకం. సాధారణంగా నిర్ణయం ఏకగ్రీవంగా ఉండాలి. ఐరోపా మండలి ముందే ఏకగ్రీవంగా ఖరారు చేసిన వ్యూహాన్ని ఆచరణలో పెట్టడం, ఇదివరకటి నిర్ణయాన్ని అమలు చేయడం, ప్రత్యేక ప్రతినిధిని నియమించడం వంటి కొద్దిపాటి సందర్భాలలో అర్హ ఆధిక్యత సరిపోతుంది. అర్హ ఆధిక్యత అంటే సాధారణంగా 55 శాతం సభ్యదేశాలు, అనగా 27లో 15, పైగా అవి సమాఖ్య జనాభాలో కనీసం 65 శాతానికి ప్రాతినిధ్యం వహించాలి. కాని కీలకమైన జాతీయ ప్రయోజనం పేరిట ఏ దేశమైనా ఈ ఓటింగును ఆపించవచ్చు. సైనిక, రక్షణ విషయాలలో ఈ మినహాయింపు అసలే వర్తించదు.

మరొక వెసులుబాటు పేరు నిర్మాణాత్మక తటస్థత. ఒక దేశం అధికారికంగా ప్రకటన చేసి తటస్థంగా ఉండిపోతే, ఆ నిర్ణయాన్ని అమలు చేసే బాధ్యత దానికి ఉండదు. కాని నిర్ణయం సమాఖ్యను కట్టడి చేస్తుందని అది ఒప్పుకోవాలి, దానికి విరుద్ధంగా నడవరాదు. ఇలా తప్పుకున్న దేశాలు సభ్యత్వంలోనూ, జనాభాలోనూ మూడోవంతుకు చేరితే నిర్ణయమే నిలవదు.

2008లో కొసొవోకు న్యాయ, పోలీసు సహాయక బృందాన్ని పంపే సందర్భంలో సైప్రస్ ఈ దారిని ఎంచుకుంది. తన భూభాగమే చీలిపోయి ఉన్న సైప్రస్, కొసొవో వేర్పాటును సమర్థించినట్లు కనబడరాదనుకుంది. అయినా మిగిలినవారికి అడ్డు చెప్పలేదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌కు ఆయుధాలు అందించే నిర్ణయంలో ఆస్ట్రియా, ఐర్లండ్, మాల్టాలు ఇలాగే చేశాయి. తొలి విడతగా ప్రకటించిన 50 కోట్ల యూరోలలో 45 కోట్లు మారణాయుధాలకు, 5 కోట్లు ఇంధనం, వైద్య సామగ్రి వంటి వాటికి కేటాయించారు. తటస్థ దేశాలు మొదటి పద్దు జోలికి పోక, రెండవ పద్దుకు తమ వాటా చెల్లించే వీలు కలిగింది. ఈ సొమ్ము సమాఖ్య బడ్జెటు నుంచి కాక, ఐరోపా శాంతి నిధి అనే ప్రత్యేక ఖాతా నుంచి వచ్చింది. సైనిక కార్యాల ఖర్చు బడ్జెటులో చేర్చరాదని ఒప్పందమే నిషేధిస్తున్నది.

అభ్యంతరం బేరసారాల సాధనమైతే

ఈ సదుపాయాలు సదుద్దేశంతో వాడుకున్నంతకాలం యంత్రాంగం నడుస్తుంది. అభ్యంతరాన్ని వేరే విషయంలో లాభం పొందడానికి వాడినప్పుడే చిక్కు. బెలారుస్‌లో 2020 ఆగస్టు ఎన్నికల అనంతరం జరిగిన అణచివేతపై ఆంక్షలకు అందరూ సుముఖమే. తూర్పు మధ్యధరా సముద్రంలో గ్యాస్ అన్వేషణ విషయమై తుర్కియేపై కూడా చర్య తీసుకోవాలంటూ సైప్రస్ వారాల తరబడి పట్టుబట్టింది. అక్టోబరు ఆరంభంలో దేశాధినేతలు కూర్చుని గాని ముడి విప్పలేకపోయారు. చైనాలో మానవహక్కులపై సమాఖ్య ప్రకటనను 2017 జూన్‌లో గ్రీసు ఆపివేసింది.

హంగరీ వ్యవహారం దీనికి పరాకాష్ఠ. రష్యా చమురుపై 2022 ఆంక్షల సమయంలో గొట్టపుమార్గం ద్వారా వచ్చే చమురుకు అది మినహాయింపు సాధించింది. 2023 డిసెంబరు 14న ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు ప్రారంభించే విషయమై దేశాధినేతల సభలో ప్రతిష్టంభన ఏర్పడినప్పుడు, ఆనాటి ప్రధాని విక్టర్ ఓర్బాన్ గది వెలుపలికి వెళ్ళారు. లోపల మిగిలిన 26 మంది నిర్ణయం ఖరారు చేశారు. నిబంధనల ప్రకారం గైర్హాజరు వ్యతిరేకత కాదు. అదే సభలో 5,000 కోట్ల యూరోల సహాయాన్ని ఆయన అడ్డుకోగా, అది 2024 ఫిబ్రవరి 1న గాని కుదరలేదు.

ఆంక్షల విషయంలో మరొక బలహీనత కూడా ఉంది. రష్యాపై ఆర్థిక ఆంక్షలను ఆరు నెలలకు ఒకసారి ఏకగ్రీవంగా పొడిగించుకుంటూ రావడం ఆనవాయితీ అయింది. ఒక్క దేశం ఒప్పుకోకపోతే ఆంక్షలు తమంత తామే రద్దవుతాయి. అందువలన ప్రతి గడువూ ఒక బేరానికి అవకాశమవుతుంది. దీనిని తప్పించుకోవడానికి 2025 డిసెంబరులో సమాఖ్య వేరొక దారి పట్టింది. ఐరోపాలో స్తంభింపజేసిన రష్యా కేంద్ర బ్యాంకు ఆస్తుల విషయాన్ని ఆర్థిక అత్యవసర పరిస్థితికి సంబంధించిన 122వ అధికరణం కిందకు తెచ్చి, అర్హ ఆధిక్యతతో నిరవధికంగా స్తంభింపజేసింది. హంగరీ, స్లొవేకియా వ్యతిరేకించినా ఫలితం లేకపోయింది. సమాఖ్యను సంక్షోభం నుంచి కాపాడే చర్య అని కొందరు, ఏకగ్రీవ నియమాన్ని దొడ్డిదారిన దాటడమని మరికొందరు దీనిని వ్యాఖ్యానించారు.

భారతదేశాన్ని తాకిన నిర్ణయం

ఈ చర్చలు దూరదేశాల గొడవగా కనబడవచ్చు. కాని 2025 జూలై 18న ఐరోపా సమాఖ్య ఆమోదించిన 18వ విడత ఆంక్షలు గుజరాత్‌లోని వాడినార్ చమురు శుద్ధి కర్మాగారాన్ని నేరుగా తాకాయి. ఏటా రెండు కోట్ల టన్నుల సామర్థ్యం గల ఈ కర్మాగారం నయారా ఎనర్జీ సంస్థది; అందులో రష్యా సంస్థ రాస్‌నెఫ్ట్‌కు 49 శాతం పైగా వాటా ఉంది. దేశమంతటా ఈ సంస్థ పెట్రోలు బంకులు ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ప్రమేయం లేని ఏకపక్ష ఆంక్షలను తాము అంగీకరించబోమని భారత విదేశాంగ శాఖ స్పష్టం చేసింది.

గమనించదగిన సంగతి ఏమంటే, ఆ ఆంక్షలు కొన్ని వారాల ముందే రావలసినవి. రష్యా గ్యాసు దిగుమతులను క్రమంగా నిలిపివేసే వేరొక ప్రణాళికపై హామీలు కోరుతూ స్లొవేకియా వాటిని ఆపింది. ఆ దేశ ప్రధాని రాబర్ట్ ఫిట్సో పట్టు సడలించిన మరునాడే అవి ఆమోదం పొందాయి. గుజరాత్ తీరాన ఉన్న ఒక కర్మాగారంపై ఆంక్ష ఎప్పుడు పడాలన్నది 54 లక్షల జనాభా గల ఒక మధ్య ఐరోపా దేశపు గ్యాసు అవసరాలపై ఆధారపడింది. ఏకగ్రీవ నియమానికి ఉన్న శక్తి ఎంత దూరం వ్యాపిస్తుందో దీనిని బట్టి ఊహించవచ్చు.

ఇతర కూటముల పద్ధతులు

అన్ని కూటములూ ఒకే బాటలో నడవలేదు. 1947లో రియో డి జనీరోలో కుదిరిన అమెరికా ఖండాల పరస్పర సహాయ ఒప్పందం మూడింట రెండు వంతుల ఆధిక్యతకు చోటిచ్చింది. ఆ నిర్ణయాలు అందరినీ కట్టడి చేస్తాయి. అయితే ఏ దేశాన్నీ దాని సమ్మతి లేకుండా సాయుధబలం వాడమని నిర్బంధించరాదని అదే ఒప్పందం మినహాయించింది. ఓటింగుకు ఒప్పుకున్నవారు కూడా సైన్యం దగ్గర ఆగిపోయారన్నమాట.

1955లో సోవియట్ యూనియన్ నాయకత్వాన ఏర్పడిన వార్సా ఒప్పందంలో సంప్రదింపులు, సార్వభౌమత్వ గౌరవం కాగితంపై ఉన్నాయి. 1968 ఆగస్టులో తన సభ్యదేశమైన చెకొస్లొవేకియాపైకే ఆ కూటమి సేనలు నడిచాయి. రుమేనియా పాల్గొనడానికి నిరాకరించింది. అల్బేనియా కూటమి నుంచే వైదొలగింది. కాదనే హక్కు నిజంగా లేని చోట ఉమ్మడి నిర్ణయమన్న మాటకు అర్థముండదని ఈ ఘట్టం తెలియజేస్తుంది. 1991 జూలైలో ఆ కూటమి అంతరించింది.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికాల మధ్య 1951లో కుదిరిన ఆంజుస్ ఒప్పందానిది ఇంకొక తరహా. అణ్వాయుధాలు ఉన్నాయో లేవో చెప్పని అమెరికా నౌకను 1985లో న్యూజిలాండ్ తన రేవులోకి రానివ్వలేదు. మరుసటి ఏడాది అమెరికా ఆ దేశం పట్ల తన రక్షణ బాధ్యతను నిలిపివేసింది. నియమావళిలో సమానత్వం ఉన్నా, భేదించినవారు చెల్లించే మూల్యం బలాన్ని బట్టి మారుతుంది.

మార్పు సాధ్యమేనా?

విదేశాంగ నిర్ణయాలలో ఏకగ్రీవ నియమాన్ని సడలించాలన్న ఆలోచన ఐరోపాలో చాలాకాలంగా ఉంది. మానవహక్కుల ప్రకటనలు, ఆంక్షలు, పౌర సహాయక బృందాలు అన్న మూడు విషయాలలో అర్హ ఆధిక్యత చాలునని 2018 సెప్టెంబరులో ఐరోపా కమిషన్ ప్రతిపాదించింది. 2023 మే నెలలో జర్మనీ, ఫ్రాన్స్ సహా తొమ్మిది దేశాలు ఇదే కోరుతూ ఒక బృందంగా ఏర్పడ్డాయి. ఒప్పందాన్ని సవరించకుండానే ఈ మార్పు చేసుకునే వీలు 31వ అధికరణంలో ఉంది. కాని దానికి ఐరోపా మండలి ఏకగ్రీవంగా నిర్ణయించాలి. తాళం చెవి పెట్టెలోనే ఉండిపోయినట్లు, ఏకగ్రీవాన్ని తొలగించడానికి ఏకగ్రీవమే కావలసి వస్తున్నది.

చిన్న దేశాల భయాన్ని కొట్టిపారేయలేము. జనాభా లెక్కన ఓటు విలువ నిర్ణయించే సభలో సుమారు 8.3 కోట్ల మంది గల జర్మనీ, ఏడు లక్షలైనా లేని లక్సెంబర్గ్ సమానం కావు. అక్కడ అల్పసంఖ్యాకుల మాట ఎవరికీ వినబడకపోయే ప్రమాదం ఉంది. సైనికులను పంపే విషయంలో ఓటమిని ఏ పార్లమెంటూ తన ప్రజలకు నచ్చజెప్పలేదు. ఇంకొక వైపు, యుద్ధం ముంగిట నిలిచినప్పుడు వారాల తరబడి సాగే బేరాలు ప్రాణాలకు ముప్పు తెస్తాయి. ఆయుధం కోసమో, సహాయం కోసమో ఎదురుచూస్తున్నవారికి నియమావళి సౌందర్యం ఓదార్పు కాజాలదు.

గత ఏడు దశాబ్దాల పైబడిన అనుభవం చెప్పేది ఇది. కాదనే హక్కును పూర్తిగా తీసివేసిన కూటమి స్వచ్ఛందంగా నిలవలేదు. ఆ హక్కును నిత్యం ప్రయోగించే సభ్యులున్న కూటమి కదలలేదు. ఈ రెంటి నడుమ మౌన ప్రక్రియ, నిర్మాణాత్మక తటస్థత, ప్రత్యేక ఖాతాలు, గది వెలుపలికి నడవడం వంటి మార్గాలు పుట్టుకొచ్చాయి. ఇవన్నీ భిన్నాభిప్రాయం గల దేశం గౌరవం కాపాడుకుంటూనే, మిగిలినవారి దారికి అడ్డు లేకుండా చేసే ఏర్పాట్లు. ఒక ఉమ్మడి నిర్ణయాన్ని గురించి వార్త వెలువడినప్పుడు ఎవరు అవునన్నారని మాత్రమే కాక, ఎవరు మౌనంగా ఉండిపోయారు, ఎవరు పక్కకు తప్పుకున్నారు, ఎవరికి ఏమి దక్కాక ఒప్పుకున్నారు అని కూడా విచారిస్తేనే ఆ నిర్ణయం ఎంత గట్టిదో తెలుస్తుంది.